నలభై ఒకటో నిమిషం

మా ధన్నూన్ బాబాయ్‌కి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఆ తరవాత మాట ఉండదు, పాట సంగతి అడగనే వద్దు అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. అందుకే సోమవారం ఆయన్ని మా ఇంట్లో కూర్చోబెట్టి, మైకు పెట్టి, ప్రవక్త పుట్టినరోజుకి పాడే మౌలిద్ పాటలు మూడు ఆపకుండా పాడించాను. మొత్తం గంటంపావు. మొదటి రెండూ మా మోసుల్‌లో ఇంకో నలుగురికి వచ్చు. మూడోది బాబాయ్‌కి వాళ్ళమ్మ నేర్పినది. ఆయనకు తప్ప ఎవరికీ రాదు. అది పాడి, రెండు గ్లాసుల టీ తాగి, "ఇంక కోసుకోనీ" అన్నాడు.

ఆ ఫైలు పక్కదేశంలో, అమ్మాన్‌లో ఉన్న నిజార్ స్టూడియోకి పంపాలి. అతను శుభ్రం చేసి భద్రపరుస్తాడు. "చేరిందని నువ్వు చెప్తేనే నేను ఆపరేషన్ బల్ల ఎక్కుతాను" అని బాబాయ్ మెలిక పెట్టాడు.

నేను పదిహేనేళ్ళుగా ఇంట్లో కూర్చుని పాటలు రికార్డు చేసి పంపే పనే చేస్తున్నాను. ఫైలు పంపడం నాకు కూరలో ఉప్పు వేసినంత పని. కాకపోతే మా వీధిలో సర్కారు కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు ఓ రెండు క్షణాలు ఏమీ ఉండదు. రూటరు ఆరిపోతుంది, వెళ్తున్న ఫైలు తెగిపోతుంది. తెగినచోటి నుంచి అందుకోమంటే అందుకోదు, మళ్ళీ మొదటికే వస్తుంది. బుధవారమంతా ఇదే గొడవ. గురువారం పొద్దున తొమ్మిదికి నిజార్‌కి ఫోన్ చేశాను.

"అక్కా, నలభై ఒక్క నిమిషాల దగ్గర ఆగింది."

"జనరేటరు మారింది. ఉండు."

"నిన్నటినించీ ఇదే మాట."

"మీ ఊళ్ళో కరెంటు ఎక్కువైతే ఇటు పంపు. ఫైలు క్షణంలో పంపిస్తా."

తీగ మార్చాను. రూటరుని బ్యాటరీకి తగిలించాను. పంపే ప్రోగ్రాములో సెట్టింగులు ఒక్కొక్కటే తిప్పి చూశాను. చివరికి విసుగొచ్చి ఆ పాత ప్రోగ్రాము తీసేసి కొత్తది పెట్టుకున్నాను. పాతది ఇంగ్లీషులో ఉండేది. కొత్తది నా కంప్యూటరు భాష చూసి అరబ్బీలో తెరుచుకుంది. మంచిదే అనుకున్నాను. పని మీదున్నాను, భాష ఎవడు చూస్తాడు?

ఆ తెర మీద రెండు గళ్ళుంటాయి. ఒకటి మన ఇల్లు, రెండోది అవతలి కంప్యూటరు. ఇంగ్లీషులో ఇల్లు ఎడమపక్క. మా రాత కుడి నుంచి మొదలవుతుంది కాబట్టి అరబ్బీలో ఇల్లు కుడిపక్కకి వస్తుంది. పదిహేనేళ్ళ అలవాటు చేతికి ఎక్కింది. ఎడమ గడిలో ఉన్న ఫైలు పట్టుకుని కుడి గడిలోకి లాగాను. ఆ పేరుతో ఫైలు ఉంది, దాని మీద రాయమంటావా అని అడిగింది. నిన్నటినించి అదే ప్రశ్న ముప్పైసార్లు అడిగింది, ముప్పైసార్లూ ఊఁ అన్నాను. ఇప్పుడూ అన్నాను.

నాలుగు నిమిషాల్లో అయిపోయింది. గంటలు తినే పని నాలుగు నిమిషాల్లో అయితే అనుమానం రావద్దూ? నాకు సంతోషం వచ్చింది. లేచి సమూన్ రొట్టె తుంచుకుని తింటూ మళ్ళీ ఫోన్ చేశాను.

"చూడు, మొత్తం వచ్చేసింది."

"ఏం రాలేదక్కా. నా దగ్గర నలభై ఒక్క నిమిషాలే."

అప్పుడు చూశాను ఏ గడి ఎక్కడుందో. ఇంట్లో ఉన్న ఫైలు తెరిచాను. నలభై ఒక్క నిమిషాలు. అవతల ఉన్న సగాన్ని తెచ్చి ఇంట్లో ఉన్న నిండుదాని మీద నా చేత్తో నేనే వేశాను. మూడో పాట ఎత్తుకున్న ఆరు నిమిషాలకి తెగిపోయింది. రికార్డరు మంగళవారమే తుడిచి, అరువిచ్చినవాళ్ళకి తిరిగి ఇచ్చేశాను. ఇంకో నకలు తీసి పెట్టుకుంటే నా సొమ్మేం పోయేది? పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రాములు రెండు నడిపాను. ఎవరివో పాత పెళ్ళి ఫొటోలు దొరికాయి.

పదిన్నరకి బాబాయ్ ఫోన్ చేశాడు.

"ఏమే షదా, చేరిందా? ఇక్కడ నర్సు నాకు గౌను తొడిగింది. వెనకంతా ఖాళీ. తొందరగా చెప్పు."

ఆయన గొంతు ఇంకా గంటన్నర ఉంది. మిగిలింది అరగంట పాట. నిజం చెప్తే ఆ గౌనులోనే మంచం మీద కూర్చుని పాడేస్తాడు. నా ఫోనులో పట్టుకోవచ్చు. ఆస్పత్రి పది నిమిషాల దూరం. ఇవన్నీ నాకు ఆ క్షణంలోనే తెలుసు.

"చేరింది బాబాయ్."

"మూడోది ఎలా వచ్చింది?"

"బాగా వచ్చింది."

"మధ్యలో దగ్గాననుకుంటా."

"వినపడలేదు."

"అయితే సరే. ఇంక గొంతు వీళ్ళకి ఇచ్చేస్తా" అని ఫోన్ పెట్టేశాడు.

గొంతుని శ్రమపెట్టొద్దన్నారు కదా, అందుకే చెప్పలేదు అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. పదిహేనేళ్ళ పనిమంతురాలిని, కుడి ఎడమలు తెలియలేదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అంతే.

మూడు వారాల తరవాత చూడడానికి వెళ్ళాను. మెడకి కట్టు, చేతిలో పలక. నన్ను చూడగానే కళ్ళతో నవ్వి, పలక మీద రాశాడు: "మూడోది పెట్టు."

కంప్యూటరు సంచి నా భుజానే ఉంది, తప్పించుకునే వీల్లేకపోయింది. ఆ పాట మొదటినించి పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళతో తొడ మీద తాళం వేస్తున్నాడు. ఆరో నిమిషంలో ఒక చరణం సగంలో ఆగింది. తరవాతి మాట కోసం ఆయన చెయ్యి గాలిలోనే నిలబడిపోయింది. కాసేపు ఆగి కళ్ళు తెరిచాడు. పలక తుడిచి రాసి నా వైపు తిప్పాడు.

"కరెంటు పోయిందా?"

తల మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"లేదు బాబాయ్" అన్నాను.