మా ఆవిడ చేసిన టోన్లు

“సోలో వచ్చినప్పుడు గిటారు కాస్త ముందుకొచ్చి నిలబడాలి. ఆ సంగతేదో చూడు,” అన్నాడు మా ఆయన, తిన్న పళ్లెం నా చేతికిస్తూ. “అలాగేనండీ,” అన్నాను. ఈమధ్య ఆ మాట నేనంటున్నానని కూడా నాకు తెలియడం లేదు, నోరు దానంతటదే అనేస్తోంది. పళ్లెం సింకులో వేసి, కుళాయి తిప్పి, సోలో గురించి ఆలోచిస్తూ గిన్నెలు తోమాను. ఆయన టీవీ ముందు కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. పగలంతా బీమా ఆఫీసులో కష్టపడి వచ్చిన మనిషి, సాయంత్రాలు పాటల గ్రూపులో గిటారు వాయించే మనిషి. కళాకారుడికి విశ్రాంతి కావాలని మా అత్తయ్య అంటూంటుంది. ఒంటిపూట ఉద్యోగం చేసొచ్చి ఇంటి చాకిరీ చేసే మనిషికి ఏం కావాలో ఆవిడ ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు.

ఇదివరకు గిటారుకి ఆంప్ అని ఓ పెద్ద పెట్టె ఉండేది. దాంట్లోంచి ఏ గొంతు వస్తే అదే గిటారు గొంతు, వాయించేవాళ్ళ భాషలో టోన్. ఒక్కో ఆంప్‌ది ఒక్కో గొంతు, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. ఇప్పుడా గొంతుని కొలిచి, అచ్చు దించి, చంకలో పెట్టుకుపోయే డబ్బాలోకి ఎక్కించేస్తున్నారు. దాన్ని ప్రొఫైల్ అంటారు. మా ఆయన ఎగబడి ఆ డబ్బా కొన్నాడు, వారం తిరక్కుండానే విసుక్కున్నాడు. “అన్నీ ఒకేలా ఏడుస్తున్నాయి. ఇదేం డబ్బా!” అని మంచం మీద పడేశాడు. దాంతో వచ్చిన పుస్తకం చదివే ఓపిక ఆయనకెక్కడిది? నేను చదివాను. ప్రొఫైల్‌ని ఉన్నదున్నట్టు వాడితే ఒక్క గొంతే, నిజమే. కానీ లోపల కదపాల్సినవి బోలెడున్నాయి. గెయిన్ తగ్గిస్తే గరగర పోయి తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా తెలుస్తుంది. పెంచితే బొంగురుపోతుంది. ఆంప్ అదే ఉంచి దాని కింది స్పీకర్ పెట్టెని మార్చేస్తే, అదే మనిషి పక్కగదిలోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. సోలోకి అందరూ వాల్యూమ్ పెంచుతారు. అక్కర్లేదు, మధ్య స్థాయి పెంచితే చాలు. మనిషి మాట ఉండేది అక్కడే, అందుకని చెవి ముందు అక్కడికే పోతుంది. అలా ఒక్క ప్రొఫైల్లోంచే లాలిపాటకొకటి, వానపాటకొకటి, కుర్రకారు కుర్చీలెక్కి గంతులేసే పాటకొకటి తీసేదాన్ని.

చెవి సంగతి నాకు కొంత తెలుసు. చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం నాది. అద్దాల గదిలో మనిషిని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తొడిగి, “వినపడగానే బటన్ నొక్కండి,” అంటాను. డాక్టరుగారు నన్ను చూపించి, “ఈ అమ్మాయి చప్పుడు పెడుతుంది, అదయ్యాక నా దగ్గరికి రండి,” అంటారు. పరీక్ష నేనే చేస్తాను, గీతలు నేనే గీస్తాను, ఏ చెవిలో ఎంత లోపం ఉందో నేనే రాసిస్తాను. అయినా నేను చప్పుడు పెట్టే అమ్మాయిని. మొదట్లో ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ మాట వినపడగానే లేచి తలుపు తీస్తాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, అత్తయ్యకి అన్నం పెట్టి, వంటిల్లు తుడిచి, అప్పుడు డబ్బా ముందు కూర్చుంటాను. సరిగ్గా అదే అత్తయ్య కునుకు తీసే వేళ. ఆవిడవి పాముచెవులు. “ఏమిటమ్మా ఆ గీరుడు? కాస్త నడుం వాలుద్దామంటే కుదరదు కదా ఈ ఇంట్లో,” అంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆవిడ పిలుపు వినపడదు, అది ఇంకా పెద్ద నేరం. పాపం, చెడ్డది కాదు. నన్ను పల్లెత్తు మాట అని ఎరగదు. ఆవిడ నిద్ర ముందు మిగతావన్నీ దిగదుడుపు, అంతే. అందుకని చిన్న స్పీకరు చెవి పక్కన పెట్టుకుని, దోమ పాడినంత సౌండుతో పని చేసుకునేదాన్ని. “గిటారు మాత్రం ముట్టుకోకు, శ్రుతి పోతుంది,” అన్నాడు ఆయన. తను వాయించిన ఒట్టి తీగల చప్పుడు, ఆంప్ గొంతు ఏదీ తగలనిది, ఆ డబ్బాలోనే రికార్డు చేసిచ్చాడు. దాన్నే తిప్పి తిప్పి వేసుకుని దాని మీద గొంతులు మార్చి చూసేదాన్ని. ఆయన ఎక్కడ తడబడతాడో నాకు కంఠతా వచ్చేసింది. అక్కడ కాస్త ఎకో వేసి కప్పెట్టేదాన్ని. పెళ్ళాం పనే కదా అదీ.

“మాస్టారూ, ఏం టోనండీ! ఎక్కడ పట్టారు?” అని ప్రోగ్రాం అయ్యాక జనం ఆయన చుట్టూ మూగేవాళ్ళు. “సాధన అండీ, సాధన,” అనేవాడు మా ఆయన, చెమట తుడుచుకుంటూ. ఒకరోజు పక్క దులుపుతూ అడిగేశాను. “ఎవరైనా అడిగితే, అవి నేను చేశానని ఒక్క మాట చెప్పండి.” అంతకుమించి నాకేమీ అక్కర్లేదు. చీరలు అడగలేదు, షికార్లు అడగలేదు. ఆ ఒక్క మాట పదిమందిలో ఆయన నోటంట వినాలనిపించింది. “అడిగితే చెప్తాలే, దాందేముంది?” అన్నాడు. ఎవరూ అడగలేదు మరి. కడుపు నిండినవాడు కూర ఎవరు తరిగారని అడుగుతాడా? ఇంకోసారి గుర్తు చేస్తే, “నీకు పేరు పిచ్చి పట్టిందే!” అని నవ్వి, ఆ ముచ్చట వాళ్ళమ్మకీ చెప్పాడు. “పోనీలేరా, ఆడపిల్ల, సరదా పడుతోంది,” అంది అత్తయ్య. ఆ మాట విన్న రోజు నాకు ఏడుపు రాలేదు. అన్నం సయించింది, నిద్ర పట్టింది. పొద్దున లేచాక, ఏడుపెందుకు రాలేదా అని భయమేసింది, కాస్త.

అప్పుడొచ్చింది పెద్ద ప్రోగ్రాం. కొత్త హాలు, ఊళ్ళో పెద్ద మనుషులందరూ వస్తున్నారు. గ్రూపుని నడిపేది ఒక పాటలావిడ. ఆవిడ గొంతుకి ఎంత పేరో, నోటికీ అంతే పేరు. మా ఆయన ఆవిణ్ణి అక్కా అంటాడు, ఎదురుగా కూర్చోడు. పాటలన్నీ కొత్తవి వేస్తున్నాం, టోన్లూ కొత్తవి కావాలి అందిట ఆవిడ. ఆయన ఇంటికొచ్చి, నేను అడక్కుండానే, “ఈసారి చెప్తాను. స్టేజీ మీదే, మైకులో చెప్తాను, మా ఆవిడ చేసిందని. సరేనా?” అన్నాడు. నాకు ఆశ పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ పుట్టింది. ఆ మధ్యాహ్నాలన్నీ డబ్బా ముందే కూర్చున్నాను. ఏ టోన్ విన్నా అడుగున పలచగా, నీళ్ళ చారులా అనిపించేది. అడుగు స్థాయి, అదే బేస్, కొంచెం పెంచేదాన్ని, పై స్థాయి కూడా. మర్నాడు వింటే మళ్ళీ చాల్లేదనిపించేది, ఇంకొంచెం పెంచేదాన్ని.

ప్రోగ్రాం రోజున ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసల్లోనే కూర్చున్నాను. సౌండు సరిచూసుకోవడానికి అందరూ మధ్యాహ్నమే వచ్చారు, మా ఆయన తప్ప. జుట్టుకేసిన రంగు ఆరలేదుట. ఆయన వచ్చేసరికి జనం లోపలికొచ్చేస్తున్నారు. మొదటి పాట ఎత్తుకున్నారు. గిటారు పడగానే హాలంతా బుర్రుమంది. అడుగు స్థాయి పొంగి పాటలావిడ గొంతుని ముంచేసింది, పైన మాత్రం పళ్ళు జివ్వుమనేలా ఒకటే గీరుడు. ఏం జరిగిందో నాకు అక్కడికక్కడే అర్థమైంది. సౌండు చిన్నగా ఉన్నప్పుడు చెవి అడుగు స్థాయినీ పై స్థాయినీ సరిగా పట్టుకోదు. అందుకే అన్నాళ్ళూ పలచగా వినిపించింది, అందుకే అన్నేసి మార్లు పెంచాను. ఇక్కడ పెద్ద సౌండులో పెంచిందంతా ఒక్కసారి లేచి కూర్చుంది. ఇదివరకు ఇంతింత పెంచలేదు, ఉన్న కాస్త తేడా సౌండు చూసేవాళ్ళు ముందే సర్దేసేవాళ్ళు. రోజూ అద్దాల గదిలో వచ్చినవాళ్ళకి ఈ ముక్కే విడమర్చి చెప్తాను నేను. నా దగ్గరికొచ్చేసరికి తట్టలేదు. ఆ దోమ సౌండుకే ఎంత అలవాటు పడిపోయానంటే, అసలు సౌండే అంత అనుకున్నాను.

మా ఆయన వంగి ఏవేవో తిప్పాడు. ఏది తిప్పాలో తెలిస్తేగా! పాటలావిడ పాట ఆపేసి ఆయనకేసి చూసింది. ఆయన మైకు దగ్గరికొచ్చి, “సారీ అక్కా, ఇవి నేను చేసినవి కాదు. మా ఆవిడ చేసింది. ఇంట్లో కూర్చుని ఏదో కెలికింది,” అన్నాడు. హాలంతా నవ్వింది. నా పక్క కుర్చీ ఆవిడ నవ్వి, నాకేసి చూస్తే నేనూ నవ్వాను. స్టేజీ మీద చెప్తానన్నాడు, మైకులో చెప్తానన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. మిగతా పాటలన్నీ డబ్బాలో ముట్టుకోని ప్రొఫైల్ ఒకటి పెట్టుకుని, అదే గొంతుతో లాగించేశాడు. లాలిపాటా వానపాటా ఒకేలా ఉన్నాయి. నేను ఆఖరిదాకా కూర్చుని చప్పట్లు కొట్టాను.

“కొంప ముంచావు కదే. అలా చెప్పకపోతే నా పరువేం కావాలి?” అన్నాడు దారిలో. “మనకెందుకమ్మా ఇలాంటివన్నీ?” అంది అత్తయ్య, విషయం విని. కుక్కర్ మూత ఉత్త చేత్తోనే తీశాను. కాలిన సంగతి అరచెయ్యి ఎర్రబడ్డాక చూసి తెలుసుకున్నాను. కోపం రావాలి కదా అని వెతుక్కున్నాను. ఎక్కడా తగల్లేదు.

మర్నాడు ఆదివారం, కాఫీలవుతుండగా పాటలావిడ ఫోను. మా ఆయన లేచి నిలబడి మాట్లాడాడు. “క్షమించక్కా, ఇంకోసారి జరగదు. ఆ డబ్బా ఊసే వద్దు, పాత ఆంప్ తెప్పిస్తాను…” తర్వాత ఏమందో, కాసేపు విని, ఫోను నా ముందుకి చాపాడు. “నీకుట,” అన్నాడు.

“ఏమ్మాయ్, నిన్నటి టోన్లు చేసింది నువ్వేనా?” అంది ఆవిడ.

“నేనేనండీ. బేస్ ఎక్కువైపోయింది. చిన్న సౌండులో చేశాను, పెద్ద సౌండులో చూసుకోలేదు. పొరపాటు నాదే.”

“దానికి రాత్రే తిట్టుకున్నాలే. మరి అంతకుముందువీ? నేను లాలిపాట పాడుతుంటే వెనకాల మెత్తగా వచ్చేదే, అదెవరు చేశారు? ఇన్నాళ్ళూ మా తమ్ముడి సాధన అనుకుంటున్నాను.”

ఆయనకేసి చూశాను. ఆయన కప్పులో ఉన్నదేదో చాలా జాగ్రత్తగా చూస్తున్నాడు. “అన్నీ నేనే చేశానండీ,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

“అయితే ఆ డబ్బా పట్టుకుని హాలుకి రా. సాయంత్రం దాకా హాలు మన చేతిలోనే ఉంది, సౌండు అబ్బాయి ఉంటాడు. ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా పెట్టుకుని సరిచెయ్యి.”

“ఆయన్ని కూడా తీసుకురమ్మంటారా?”

“వాడెందుకూ? నువ్వు చేశావని నిన్న అందరిముందూ వాడే చెప్పాడుగా.”

డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. “మరి అన్నం?” అంది. వండేసి వెళ్తానత్తయ్యా అనడానికి నోరు తెరుచుకుంది, అలవాటు కొద్దీ. దాన్ని మూసుకుని, ఊపిరి తీసుకుని, “బియ్యం కింది అరలో ఉన్నాయత్తయ్యా,” అని చెప్పులేసుకున్నాను. వెనకాల తల్లీ కొడుకులు ఏమనుకున్నారో వినపడలేదు. వినాలనీ అనిపించలేదు.

ఖాళీ హాలు పెద్ద గొడ్డులా పడుకుని ఉంది. సౌండు అబ్బాయి తీగలు తగిలించి, స్పీకర్లు లేపి, టీ తాగొస్తానని పోయాడు. డబ్బాలో మా ఆయన వాయించిన ముక్క వేసి సౌండు పెంచాను. ఛాతీ మీద తగిలింది. తూలి ఒక అడుగు వెనక్కేశాను. ఇన్నాళ్ళూ చేసినదాన్ని నేను ఒక్కసారి కూడా ఇలా నా చేతుల్లో పెట్టుకుని, ఇంత సౌండులో వినలేదు. దానికి కోపమొచ్చింది. నిన్నటి నుంచీ వెతికితే దొరకనిది అప్పుడొచ్చింది. కాసేపు ఆ మోతలోనే నిలబడి గట్టిగా ఏడ్చాను, అంత మోతలో నా ఏడుపు నాకే వినపడలేదు. తర్వాత ముక్కు తుడుచుకుని బేస్ తగ్గించాను. ఇంకా తగ్గించాను. పైన గీరుడు కోశాను. మధ్య స్థాయి ఒక్క పిసరు లేపేసరికి గిటారు వచ్చి స్టేజీ నడిమధ్యన నిలబడింది. వానపాటది మరీ బాగా వచ్చింది. దాన్ని మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను.

మధ్యాహ్నం దాటాక చూస్తే తలుపు దగ్గర మా ఆయన. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో! మొహం వెలిగిపోతోంది. “అబ్బబ్బ! ఎంత బాగా వాయించానే!” అన్నాడు. నేను సౌండు ఆపాను. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. “నిన్న ఏదో కంగారులో అనేశాను. ఈసారి చూడు, స్టేజీ మీద గొప్పగా చెప్తాను, ఇవన్నీ నువ్వే చేశావని.”

“అక్కర్లేదండీ. ఇప్పుడు నన్నే అడుగుతున్నారు, నేనే చెప్తున్నాను.”

“సర్లే, బుంగమూతి చాలించు. అమ్మ పొద్దుటి నుంచి రెండు బిస్కెట్ల మీద ఉంది. పద, ఇంటికెళ్దాం. మిగతావి ఎల్లుండి రిహార్సల్లో నేనున్నప్పుడు చూసుకోవచ్చు. నేను వాయించకుండా నువ్వొక్కదానివీ ఏం చేస్తావిక్కడ?”

ఆయన చెయ్యి భుజం మీంచి తీసి, లాలిపాట టోన్ పెట్టుకున్నాను.

“మీరు వెళ్ళండి. మీరు వాయించింది డబ్బాలో ఉంది, నాకది చాలు.”