ఏడుపులో పోయిన మాట

చదువు పూర్తయినప్పటి నుంచి దుర్గాశ్రీది ఒకటే పని. మనిషి ఒక భాషలో మాట్లాడితే ఫోను దాన్ని ఇంకో భాషలో పలకాలి. ఒడియా నుంచి తెలుగులోకి ఆమె బృందం చేసిన యాప్‌ను ముందుగా తీసుకున్నది కాకినాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి. తాళ్లరేవు వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒడిశా కూలీలు అక్కడికే వస్తారు. ఆ రోజు ఆమె సంబరం ఇంతా అంతా కాదు.

కొన్ని నెలలకు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. గోవింద్ అనే కూలీకి జ్వరమొస్తే భార్య మినతి ఆసుపత్రికి తెచ్చింది. ఫలానా ఇంజెక్షన్ ఆయనకు పడదని డాక్టరుకు చెప్పింది. ఫోను మాత్రం పడుతుందని పలికింది. సూది వెయ్యగానే గోవింద్‌కు ఊపిరాడలేదు. ప్రాణం దక్కింది గానీ మెదడుకు గాలి అందక కుడిచెయ్యి, కుడికాలు స్వాధీనం తప్పాయి.

దుర్గాశ్రీ రికార్డింగు తెప్పించుకుని, బృందంలో ఒడియా తెలిసినవాళ్లతో కలిసి పదే పదే విన్నది. మినతి ఏడుస్తూ మాట్లాడింది. ఒడియాలో వాక్యం చివరన వచ్చే, కాదనే చిన్న ముక్క వెక్కుల్లో కలిసిపోయింది. చెవి పెట్టి వింటే మనిషికి తెలుస్తుంది. యంత్రానికి తెలియలేదు. దానికి నేర్పడానికి సేకరించిన గొంతులన్నీ గదిలో కూర్చుని నిదానంగా చదివినవాళ్లవే. ఏడ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

"సరిచూసుకోమని స్క్రీన్ మీద రాసే ఉంది కదండీ" అన్నాడు ఆమె పనిచేసే సంస్థ డైరెక్టర్ శివరామకృష్ణ. "మీరు అక్కడికి వెళ్లకండి. వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టే."

"ఒప్పుకోవాల్సిందేనండి. ముందు యాప్ ఆపించండి."

ఆయన ఆపలేదు. ఆమె కాకినాడ బయల్దేరింది.

ఒడియా తెలిసిన నర్సు దీవెన ఆమెను మినతి దగ్గరికి తీసుకెళ్లింది. మినతి ఏదో అడిగింది. దుర్గాశ్రీ దీవెన వైపు తిరిగింది.

"ఏమంటుందండి?"

"తన మాట బాలేదా అంటుందండి. వాళ్ల ఊరి యాస వేరంట, అందరూ నవ్వుతారంట. అందుకే మిషన్‌కి అర్థం కాలేదేమోనని, తనవల్లే ఆయనకిలా అయ్యిందని ఏడుస్తుందండి."

దుర్గాశ్రీ గోవింద్ మంచం పక్కన కూర్చుంది. "మీరు సరిగ్గానే చెప్పారమ్మా. నేను విన్నాను. తప్పు నేను తయారుచేసినదాంట్లో ఉంది" అంది.

దీవెన ఆ మాట చెప్పింది. మినతి తల ఊపింది గానీ నమ్మినట్టు కనపడలేదు. భర్త వేళ్లను ఒక్కొక్కటే మడుస్తూ కూర్చుంది.

అదే మాట దుర్గాశ్రీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి, పెద్ద డాక్టరు చేతికిచ్చింది. అక్కడ యాప్ ఆగిపోయింది. ఆమె ఉద్యోగమూ పోయింది. నరసాపురంలో ఇంకో ఆసుపత్రి అదే యాప్ వాడుతోందని ఆఫీసు స్నేహితురాలు లావణ్య ఫోనులో చెప్పింది.

రికార్డింగు ఇంకా తన దగ్గరే ఉంది. దుర్గాశ్రీ నరసాపురం బస్సెక్కింది.