పేరు తీసేసిన పేజీలు

పుస్తకాలు అచ్చుకి కూర్చే మా ఆఫీసులో, మా మరిది కంప్యూటరుకి అందరం పెట్టుకున్న పేరు నత్తగారు. చిన్న కరపత్రమైతే చకచకా చేసేసేది. పిల్లల ఆసుపత్రి వాళ్ల మందుల పుస్తకం ఎక్కించాక దానికి నీరసం పట్టుకుంది. అంత లావు పుస్తకం, మొత్తం ఒకటే ఫైలు! మరిది అక్షరం కొట్టాక అది తెరమీదికి వచ్చేలోపు నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకోవచ్చు.

“అధ్యాయానికో ఫైలు చెయ్యి నాయనా” అని మొదటిరోజే మొత్తుకున్నాను. ప్రూఫులు దిద్దేదాన్ని, ఆ మాత్రం తెలియదా? వింటేగా! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

“ఒకే ఫైలైతే విషయసూచిక దానంతటదే తయారవుతుంది. నువ్వే చూద్దువుగాని వదినా” అన్నాడు.

చూశాను. పేజీలు పెరిగేకొద్దీ తెరమీద చక్రం తిరగడమే చూశాను. చివరికి విసుగెత్తి వాడే ఓ చిట్కా కనిపెట్టాడు. ప్రతి పేజీ పైనా ఆ మందు పేరు దానంతటదే పడే ఏర్పాటు ఉండేది, దాన్ని తీసేశాడు. విషయసూచికలో పేజీ నంబర్లు వాటంతటవే మారే ఏర్పాటునీ ఆపేశాడు. దాంతో నత్తగారికి కాస్త ప్రాణం లేచొచ్చింది.

“ఒరే, మందు పేరు ఒక పేజీలో, మోతాదు పట్టిక దాని వెనక పేజీలో. పైన పేరు లేకపోతే ఏ పట్టిక ఏ మందుదో ఎవడికి తెలుస్తుంది?” అన్నాను.

“చివర్లో అన్నీ మళ్లీ పెట్టేస్తాలే. నీకన్నీ భయాలే!”

భయమే మరి. వాడి కూతురు బుజ్జులుకి ఫిట్సు. వస్తే తీసుకెళ్లేది ఆ ఆసుపత్రికే. పుస్తకం రాసిన పెద్ద డాక్టరే పాపకి వైద్యం చేసేది. పుస్తకం రాగానే వార్డుల్లో పాత కాగితాలన్నీ తీసేసి, సిస్టర్లంతా దీన్నే చూడాలని ఆయన ముందే చెప్పేశారు.

హమ్మయ్య, అయిపోయింది అనుకుంటుంటే ఆయన తీరిగ్గా ముందుమాట పంపారు. రెండు పేజీలు. మరిది దాన్ని మొదట్లో చేరుస్తుండగానే ఇంటినుంచి ఫోను వచ్చింది. బుజ్జులుకి మళ్లీ ఫిట్సు. తీసేసినవి మళ్లీ పెట్టకుండానే ఫైలు ఉన్నదున్నట్టు ప్రెస్సుకి పంపేసి, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు. ఆ స్థితిలో వాణ్ణి ఏమని అడుగుతాం?

అప్పటికి పాప కోలుకుంది. పుస్తకాలు అచ్చయ్యి వార్డులకు చేరాయి. ఇవాళ పొద్దున బుజ్జులుని మళ్లీ ఆసుపత్రిలో చేర్చారు. మధ్యాహ్నం మా ఆఫీసు కాపీ నా బల్లమీదికి వచ్చింది.

మనసు పాపమీదే ఉంది కదా, విషయసూచికలో ఫిట్సు ఆపే సూదిమందు పేరు వెతికి, దాని పట్టిక ఏ పేజీలో ఉందో చూశాను. ఆ నంబరున్న పేజీ తీశాను. పట్టిక ఉంది, పైన పేరు లేదు. వెనక్కి తిప్పితే ఉన్నది వేరే మందు పేరు. సూచికలో నంబర్లు పాతవే ఉండిపోయాయి; అసలు పట్టిక ముందుమాట తోసేసినంత మేర, రెండు పేజీల అవతల ఉంది. అందులో పాప బరువుకి పిసరంత మందు. ఈ పట్టికలో దానికి పదింతలు.

వెంటనే మరిదికి ఫోను చేశాను.

“వదినా, నేనే చేద్దామనుకుంటున్నా! సిస్టరు మన పుస్తకం చూసే సూదిమందు ఇచ్చింది. కొత్తమ్మాయి, అయినా పేరు వెతికి టక్కున పేజీ తీసింది. నాకెంత గర్వంగా అనిపించిందో!”

“పాప ఏం చేస్తోంది?”

“ఫిట్సు ఆగిపోయాయి. హాయిగా నిద్రపోతోంది. ఇంత కుదురుగా ఎప్పుడైనా పడుకుందా ఇది?”

“లేపు! అది తప్పు పేజీరా. డాక్టర్ని పిలు, ముందు పాపని లేపు!”

కుర్చీ పడిపోయిన చప్పుడైంది.

“బుజ్జులూ” అని పిలిచాడు. మళ్లీ కాస్త గట్టిగా, “బుజ్జులూ, నాన్ననే, కళ్లు తెరువమ్మా” అన్నాడు.

అది పలకాలని ఫోనుకి ఇటు నేనూ, అటు వాడూ ఎదురుచూస్తున్నాం.