ఈగలత్త

కెమెరా గదిలోకి వెలుతురు రాకుండా కిటికీ తెరకు నల్లగుడ్డ కుడుతున్న ఈగలత్తకు సూదిలోకి దారం ఎక్కడం లేదు. కొస నోట్లో తడిపి, "మొండి దారం!" అని తిట్టి, ఎలాగో ఎక్కించింది. అంతలో కళ్లముందు నల్లగా ఏదో కదిలింది. చటుక్కున చేత్తో కొట్టింది. నెల్లాళ్లుగా ఇదే వరస. ఎవరికీ కనబడని ఈగలు ఆమెకే కనబడుతున్నాయని ఆ చిన్న ఆసుపత్రిలో ఆయా కాస్తా ఈగలత్త అయిపోయింది.

ఇవాళ మాత్రం ఆమె కాలు నేలమీద నిలవడం లేదు. షుగరున్నవాళ్ల కంటి లోపల ఫోటో తీసే కెమెరా వచ్చింది. ఇక్కడ తీస్తే, ఎక్కడో దూరాన ఉన్న కళ్ల డాక్టరు అప్పటికప్పుడే చూసి చెప్తాడట! పొద్దున్నే వీధంతా తిరిగి షుగరువాళ్లను పోగేసుకొచ్చింది. షుగరు తనకూ ఉంది. "సూదిలో దారం ఎక్కించేదాన్ని, నా కళ్లకేం?" అని తన పేరు మాత్రం రాయించలేదు.

"ఈ మూల తర్వాత కుడతాలే," అని సూదిని గుడ్డకే గుచ్చి జనాన్ని పిలిచింది.

మొదటి వంతు చెప్పులు కుట్టే తాతది. కెమెరా నడిపే అమ్మాయి ఆయన పేరు యంత్రంలో కొట్టింది. ఆయన గుమ్మంలోనే బిగుసుకుపోయాడు.

"కంట్లో ఏమైనా గుచ్చుతారా పిల్లా?"

"చోద్యం! ఫోటోకి గుచ్చడమెందుకు తాతా? ఇదిగో చూడు," అంటూ ఈగలత్త తనే స్టూలు మీద కూర్చుని కెమెరాకి గడ్డం ఆనించింది. "తియ్యవే అమ్మాయ్, అందంగా రావాలి!"

వెలుగు తళుక్కుమంది. అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లో కెమెరా అమ్మాయి వేలు అలవాటుకొద్దీ ఫోటోను పంపేసింది.

తాత స్టూలు దాకా రాకముందే ఫోను మోగింది. డాక్టరు గొంతు గదంతా వినిపించింది.

"తాతగారి కుడికంట్లో రక్తం చిమ్మింది. ఇవాళే పెద్దాసుపత్రికి పంపండి. లేజరు చేస్తే చూపు నిలుపుకోవచ్చు. ఆలస్యమైతే కష్టం."

తాత ముఖం పాలిపోయింది. "నేనింకా కూర్చోనే లేదు కదమ్మా!"

కెమెరా అమ్మాయి నాలిక కరుచుకుంది. "అత్తా... అది నీ కన్ను."

ఈగలత్త ఫోను మీదికి వంగింది. "బాబూ, కంట్లో రక్తముంటే ఈగల్లా కనబడతాయా?"

"అవునమ్మా, నల్లగా తేలుతుంటాయి."

"వాటి దుంపతెగ! నెల్లాళ్లుగా ఫినాయిలు పోసి గదులు కడిగి చస్తున్నా!"

తాత ముందు నవ్వాడు. తర్వాత ఆమె నవ్వింది, కళ్లలో నీళ్లు తిరిగేదాకా.

"నిలుస్తుందన్నారుగా బాబూ? ఇంకోసారి చెప్పండి."

"నిలుపుకుందాం. వెంటనే బయల్దేరండి."

కబురందుకున్న కూతురు స్కూటరు మీద ఆఘమేఘాల మీద వచ్చింది. ఈగలత్త మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి కేకేసింది. "తాతా, రెప్ప కొట్టకు! వచ్చి నీ ఫోటో చూస్తా."

తాత బుద్ధిగా స్టూలెక్కాడు. స్కూటరు చప్పుడు వీధి మలుపులో సన్నబడిపోయింది. కిటికీ దగ్గర, కుట్టకుండా మిగిలిన మూలలోంచి సన్నని ఎండ పడుతోంది. అక్కడే గుడ్డకు గుచ్చిన సూది మెరుస్తోంది, దాని నల్లదారం గాలికి మెల్లగా ఊగుతోంది.