ముందు చక్రాల కోసం

వాగు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ గోప్యా జీపు ఆపి ఒకే మాట అనేవాడు. "మంగీ, కొంగు అడ్డం పెట్టుకో."

గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న కడ్డీ ఉండేది. దాన్ని లాగితే ముందు చక్రాలకు కూడా బలం అందేది. అప్పుడు డీజిల్ ఇంజను గుప్పున నల్లటి పొగ కక్కేది. అతని భార్య మంగమ్మకు దమ్ము రోగం. కొంగు ముక్కుకు అదుముకున్నా, ఒడ్డెక్కేసరికి రొప్పుతూ ఉండేది. నెలనెలా కొత్తగూడెం దవాఖానాకు పోక తప్పదు. వానాకాలంలో తండా నుంచి వాగు దాటగలిగే బండి అదొక్కటే.

ఆమెకు పొగ తగలకూడదని మాఘమాసంలో గోప్యా జీపును రవీందర్ షెడ్డులో పెట్టాడు. పాత బండ్లలో ఇంజను తీసేసి కరెంటు మోటారు పెట్టడంలో రవీందర్‌కు ఆ చుట్టుపక్కల పేరుంది.

"కాకా, మోటరు సీదా ఎనక చక్రాలకే కలుపుత. ఉగాది లోపట తీస్కపోవచ్చు. ముందటియి ఉత్తగ తిరుగుతయి," అన్నాడు రవీందర్.

"గట్లయితే వాగుల బండిని ఎవడు తోస్తడు? నువ్వొస్తవా?"

"నాలుగిటికీ బలం కావాలంటే పాత గేర్ బాక్స్ ఉంచాలె. దాన్నీ మోటరునూ కలిపే ఇనుప ప్లేటు కోయించాలె. ఎంటిక మందం తేడా వచ్చినా వణుకుతది. శానా లేటయితది కాకా."

"కానియ్యి. నాకు నాలుగూ కావాలె."

ఇంటికొచ్చి చెబితే మంగమ్మ నవ్వింది. "ఏందయ్యా, బండి జేపిస్తున్నవా, ఏనుగును తెస్తున్నవా? నాకు రెండు చక్రాలు చాలు. ఎండకాలం వాగుల నీళ్లేడియి?"

"వానకాలం రాదా?" అన్నాడు గోప్యా. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు.

మొదటి ప్లేటు వంకరొచ్చింది. రెండోది బిగిస్తే బండంతా వణికింది. విప్పిన జీపు షెడ్డులోనే పడి ఉంది. ఒకసారి ఆటోలో దవాఖానాకు తీసుకుపోతే, ఆ పొగకు మంగమ్మ దారి పొడుగునా రొప్పింది. "నీ బండి వచ్చినంకనే పోదాంలే," అంది. మళ్లీ ఆటో ఎక్కలేదు. మందులు అయిపోయాయి. వాగు మాత్రం ఎండే ఉంది.

తొలకరి పడిన నాడు మంగమ్మకు ఊపిరి అందలేదు. నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు భుజాలకెత్తుకున్నారు. గోప్యా తలవైపు పట్టాడు. వాగులో మోకాటి లోతు నీళ్లు. అవతలి ఒడ్డున మంచం దించేసరికి ఆమె లేదు.

దినవారాలు కాకముందే రవీందర్ జీపు తెచ్చాడు. తాళంచెవి చేతిలో పెట్టి, తల వంచుకుని అన్నాడు: "నాలుగూ తిరుగుతున్నయి కాకా."

"అవ్," అన్నాడు గోప్యా. తాళంచెవిని చూస్తూ, "ఎండకాలమంత రెండే సరిపోయేటియి," అన్నాడు.



మర్నాడు అస్థికలు గోదావరిలో కలపడానికి భద్రాచలం బయలుదేరారు. ఎర్రబట్ట కట్టిన కుండను ముందు సీట్లో, మంగమ్మ కూర్చునే చోటే పెట్టారు. కొడుకు కోటేష్ వెనక కూర్చున్నాడు. బండికి చప్పుడే లేదు. చక్రాల కింద గులకరాళ్లు నలగడం వినిపిస్తోంది. వాగు నిండుగా పారుతోంది.

గోప్యా జీపు ఆపాడు. చిన్న కడ్డీ మీద చెయ్యి వేశాడు.

"మంగీ, కొంగు అడ్డం పెట్టుకో," అన్నాడు.

కోటేష్ ముందుకు వంగి, కుండ ఒరగకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. గోప్యా కడ్డీ లాగాడు. నాలుగు చక్రాలూ ఇసుకను పట్టుకున్నాయి. బండి ఒక్కసారి కూడా దగ్గకుండా అవతలి ఒడ్డెక్కింది.