పై గీత మీద మూడు గళ్ళు

"రమ్యా, పై గీత మీద ఎన్ని గళ్ళు?"

హాల్లోంచి త్రినాథ్ గొంతు. నా కుడిచెయ్యి మణికట్టు దాకా శనగపిండి. బాణలిలో ఆరు బజ్జీలు వేగుతున్నాయి, ఇంకో పన్నెండు వెయ్యాలి.

"మూడు" అని అరిచాను.

"పైకి పోతే తగ్గటమేందిరా? మనం తోసింది ముందుకేగా" అంటున్నాడు అంకమ్మరావు.

"అదంతే. నేను అలా పెట్టాను" అన్నాడు నా భర్త త్రినాథ్.

బజ్జీలు తిరగేస్తూ ఆ మాటను మనసులో ఇంకోసారి అనుకున్నాను. నేను అలా పెట్టాను. ఎంత తేలిగ్గా అన్నాడు. గట్టిగా అరిచి ఇలా పెట్టింది నేను అని చెప్పొచ్చు. కానీ చేతినిండా పిండి పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి అలా అంటే నేనే చిన్నపిల్లలా కనిపిస్తాను. అందుకని మంట తగ్గించి పళ్ళెం సర్దాను.

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఒక ఆట నడుస్తుంది. మాది నల్లపాడు, స్టేషన్‌కి నాలుగు వీధులవతల. త్రినాథ్ మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. అక్కడే గుమాస్తాగా చేసే అంకమ్మరావు, సెల్‌ఫోన్ల షాపు వాసిం వస్తారు. ముగ్గురూ కాలేజీనాటి స్నేహితులు. ఆట అంతరిక్షంలో జరిగే కథ. త్రినాథ్ కథ నడుపుతాడు. మిగతా ఇద్దరూ పైలట్ అనో డాక్టర్ అనో ఒక వేషం ఎంచుకుని, మా మనిషి ఇప్పుడు ఇది చేస్తాడు అని చెప్తారు. పాచికలు వేసి అది జరిగిందో లేదో తేలుస్తారు. అరుపులూ నవ్వులూ అన్నీ కుర్చీల్లో కూర్చునే. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత తర్వాత పోపు వేస్తూ చెవి అటే పెట్టేదాన్ని.

మూడేళ్ళ క్రితం వాసిం ఒక పేచీ పెట్టాడు. "మన ఓడలు షేర్ ఆటోల్లా పోతున్నాయిరా. ఎటు కావాలంటే అటు తిప్పడం, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపడం. నిజంగా ఎలా తిరుగుతాయో అలా ఆడదాం." వాళ్ళు జిరాక్స్ తీయించుకున్న ఆట నియమాల పుస్తకం చివర్లో ఆ లెక్కలన్నీ ఉన్నాయి. క్యాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చున్నారు. ఒక ఓడ ఒక మలుపు తిరిగేలోపు నేను రెండుసార్లు టీ పెట్టాను. మూడో ఆదివారం వాసిం సోఫాలో నిద్రపోయాడు. ఆ సాయంత్రం త్రినాథ్ పుస్తకం తెచ్చి ఉల్లిపాయల పక్కన పెట్టి, "నీ సబ్జెక్టే కదా, ఖాళీగా ఉన్నప్పుడు కాస్త చూడు" అన్నాడు.

ఖాళీ సంగతి అలా ఉంచితే, నా సబ్జెక్టు గురించి నన్నెవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. పదకొండేళ్ళుగా ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తున్నాను. ఉపగ్రహాల దగ్గరికి రాగానే మా ప్రిన్సిపాల్, "ఆ చాప్టర్ నుంచి రెండు బిట్లే వస్తాయి మేడం, ఫార్ములా బట్టీ పట్టించి ముందుకెళ్ళండి" అంటారు. వార్షికోత్సవానికి ముగ్గులకీ బొకేలకీ మాత్రం ఫిజిక్స్ మేడం కావాలి. పాఠం ఎలా చెప్పాలో నేను నేర్పిన కుర్రాడు ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్ హెడ్. "ఆయనైతే ఆరు దాటినా ఉంటాడమ్మా" అన్నారు ప్రిన్సిపాల్. ఆరు దాటాక నేనెక్కడ ఉంటానో ఆయన అడగలేదు.

అందుకే ఆ పుస్తకం మీద ఆకలిగా పడ్డాను. నెలరోజులు పట్టింది. కుక్కర్ కూతల మధ్య, జవాబు పత్రాల మధ్య. చివరికి లెక్కే అక్కర్లేని దారి దొరికింది. పాత క్యాలెండర్ వెనక పక్క మీద గిన్నె మూత బోర్లించి ఒక గీత గీశాను. దాని చుట్టూ టిఫిన్ ప్లేటు, దాని చుట్టూ అన్నం పళ్ళెం, అన్నిటికీ బయట తాంబాళం. నాలుగు గుండ్రాలు, మధ్యలో భూమి. ఒక్కో గుండ్రానికి ఇరవై నాలుగు గళ్ళు. లోపలి గీత మీద ఓడ వంతుకి ఆరు గళ్ళు పోతుంది, తర్వాత అయిదు, నాలుగు, బయటి గీత మీద మూడే. చింతగింజలు ఇంధనం. ముందుకు తోస్తే రెండు గింజలు ఖర్చు, పై గీతకి, అంటే బయటివైపు గీతకి ఎక్కుతావు. వెనక్కి తోస్తే రెండు గింజలు, కింది గీతకి దిగుతావు. ఏమీ చెయ్యకపోతే ఖర్చు లేదు, తిరుగుతూనే ఉంటావు. అంతే. పదో తరగతి పిల్లకి పది నిమిషాల్లో వస్తుంది. తిరగడం మొత్తం అందులో ఉంది, అబద్ధం లేదు. అది పూర్తయిన రోజు వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. బీఎస్సీలో ర్యాంకు వచ్చినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

"బాగానే ఉందే" అన్నాడు త్రినాథ్. మళ్ళీ వారం నుంచి అది ఆయన పట్టిక అయింది. నేను మాత్రం వంటింట్లోంచి జవాబిచ్చే గొంతు.

ఆ బజ్జీల ఆదివారం తర్వాతి బుధవారం దాకా దాన్ని కూడా నవ్వుతూనే మోశాను. ఆ రోజు ఆయన ఫోన్ నా చేతికిచ్చి కరెంటు బిల్లు కట్టమన్నాడు. పైనే ఒక మెయిల్. విజయవాడలో ఇలాంటి ఆటలాడేవాళ్ళంతా కలుసుకుంటున్నారట, మా ఆటను ఎంపిక చేశారట. కక్ష్యల పట్టిక రూపకల్పన, నిర్వహణ: త్రినాథ్. మార్పులుంటే ఆదివారం సాయంత్రంలోగా తెలపాలి.

"ఇది నేను చేసింది కదండీ" అన్నాను.

"నువ్వు ఎలాగూ రావు కదా. అక్కడంతా మగాళ్ళే. పైగా అమ్మ ఇక్కడుంది, ఎవరు చూస్తారు?" తల కూడా ఎత్తలేదు. "అయినా పేరుదేముంది రమ్యా, మనిద్దరి ఇంటిపేరు ఒకటేగా."

వెళ్ళి మినప్పప్పు నానబోశాను. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా ఇబ్బంది. కొట్టడు, తిట్టడు, జీతం అడగడు. నాది ఆయనకి తనదిగానే కనపడుతుంది, అంతే. ఇంట్లో మంచినీళ్ళు ఎవరు పట్టారో మనం అడుగుతామా. మరి ఆ పట్టిక కూడా అలా బిందెలో నీళ్ళేనా? పదకొండేళ్ళలో నేను నా బుర్రతో నా కోసం చేసుకున్నది అదొక్కటే. అది పోతే నాకు ఏం మిగులుతుందో ఆలోచిస్తే భయమేసింది.

శనివారం మధ్యాహ్నం అత్తయ్య హాల్లో కూర్చుని ఏడాది కారానికి మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. మోకాళ్ళ వైద్యానికి ఊరి నుంచి వచ్చి రెండు నెలలైంది. పెళ్ళైన కొత్తలో నాతో, "ఉద్యోగం చేసుకో తల్లీ, పొయ్యి మాత్రం చల్లారనీకు" అన్న సుబ్బరావమ్మగారు ఈవిడే. ఆటను రెండు నెలలుగా గుమ్మం పక్క నుంచి చూస్తున్నారని నేను గమనించలేదు.

"అమ్మాయ్, ఆ బల్ల మీద బయట తిరిగేది అంత నింపాదిగా పోతందేంది? బయటిదేగా పరిగెత్తాల్సింది?"

"ఎందుకత్తయ్యా?"

"చిన్నప్పుడు కళ్ళంలో జొన్న కంకులు తొక్కించేవాళ్ళం. ఎద్దుల్ని వరసన కట్టి గుంజ చుట్టూ తిప్పేది. గుంజ పక్కనున్నది ఊరికే కాళ్ళు కదిపితే చాలు. బయటి కొసన కట్టినదానికి మాత్రం పొద్దస్తమానం పరుగే. దాన్ని తోలేదాన్ని నేను. దాంతోపాటు నేనూ పరుగే."

తుమ్ము ఆపుకుంటూ ఆవిడ పక్కన కింద కూర్చున్నాను. మా మగవాళ్ళు మూడేళ్ళుగా తడబడేది ఇక్కడే. వాళ్ళకి ఇది ఇలా కనపడుతుందని నాకు తట్టనేలేదు.

"ఆ ఎద్దులన్నీ ఒకే తాడుకి కట్టినవి కదండీ. అన్నీ కలిసే తిరగాలి. అందుకే బయటిదానికి పరుగు. పైన తాడు లేదు. భూమి లాగుతుంటుంది, అంతే. దగ్గరున్నదాన్ని గట్టిగా లాగుతుంది, పడిపోకుండా ఉండాలంటే అది జోరుగా తిరగాలి. దూరంగా ఉన్నదాని మీద లాగుడు తక్కువ. దానికి నెమ్మది నడక చాలు."

ఆవిడ చెయ్యి ఆగింది. "తాడు లేదా?"

"లేదండి."

"మరింక ఎవరి కోసం పరిగెత్తుద్ది" అన్నారు, నాతో కాదు, కట్టు కట్టిన తన మోకాళ్ళని చూసుకుంటూ.

పదకొండేళ్ళు వందలమందికి చెప్పిన పాఠం నాకు అప్పుడు అర్థమైంది. ఈ ఇంట్లో ఒక చుట్టు తిరగడానికి త్రినాథ్‌కి నాలుగడుగులు. నాకు కాలేజీ, వంటిల్లు, మందుల షాపు, జవాబు పత్రాలు. అయినా ఆయనతో సమానంగా రాలేకపోతున్నానని నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చాను.

"ఆ గీతలు గీసింది నువ్వా వాడా?" అని అడిగారు అత్తయ్య.

"నేనే."

"మరి చెప్పవేం?" మళ్ళీ తొడిమ తుంచారు. "నేనూ చెప్పలేదులే. కాళ్ళు నొప్పులు, ఒక్క పూట లోపలికి మార్చమని మా నాన్నని ఒక్కసారీ అడగలా."

ఆదివారం భోజనాలయ్యాక విజయవాడ నిర్వాహకులకి నేనే మెయిల్ రాశాను. పట్టిక చేసింది శ్రీరమ్య, ఆట నడిపేదీ ఆవిడే. కింద నా నంబరు పెట్టాను. బాణలి పొయ్యి మీద పెట్టలేదు.

నాలుగింటికి హాల్లోంచి పిలుపు వచ్చింది. "రమ్యా, పై గీత మీద ఎన్ని గళ్ళు?"

నేను పలకలేదు. ఇంకోసారి పిలిచాడు. చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళాను. ఓడ మూడో గీత మీద ఉంది. దానికి రెండు గళ్ళ ముందు, అదే గీత మీద, మనుషులున్న రక్షణ పడవ. ఓడలో నాలుగే గింజలు.

"ఇకనుంచి వంటింట్లోంచి చెప్పనండీ. ఆ కుర్చీలో కూర్చుని చెప్తాను. విజయవాడకీ నేనే వస్తున్నాను. పేరు మార్చమని రాసేశాను."

త్రినాథ్ నన్ను చూశాడు, స్నేహితుల్ని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "వీళ్ళ ముందా రమ్యా?"

"వీళ్ళ ముందేగా మీరు 'నేను అలా పెట్టాను' అన్నది."

అంకమ్మరావు మెల్లగా, "అయితే చెల్లెమ్మా, పైకి పోతే ఎందుకు తగ్గుద్దో ఇవాళైనా చెప్తావా? వీడు మూడేళ్ళుగా అదంతే అంటన్నాడు" అన్నాడు. వాసిం లేచి చెప్పులు వేసుకున్నాడు. "వదినా, బజ్జీలు నేను బండి దగ్గర తెస్తా. నా వంతు వచ్చేదాకా పడవ మునగనీకండి."

త్రినాథ్ పాచికలు అరచేతిలో తిప్పాడు. తర్వాత లేచి కుర్చీ వదిలి, ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. "సరే, పైలట్ నేను. ముందుకు తోస్తా" అన్నాడు బింకంగా.

"వెనక్కి తొయ్యరా" అన్నారు అత్తయ్య గుమ్మం దగ్గర మిరపకాయల తొడిమలు తీస్తూ. "కింది గీతకి దిగితే జోరొచ్చిద్ది. రెండు వంతుల్లో అందుకుని పైకెక్కు. గింజలు సరిగ్గా సరిపోతాయి."

ముగ్గురం అటు తిరిగాం. నేను మనసులో లెక్క చూసుకున్నాను. సరిపోతాయి.

"మీరూ రండి అత్తయ్యా" అన్నాను.

మోకాళ్ళు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. కొంగులో వేసుకొచ్చిన మిరపకాయల్లోంచి నిగనిగలాడేదొకటి ఏరి, తన ఓడగా తాంబాళం గీత మీద పెట్టారు. అన్నిటికీ బయటి గీత.

"అమ్మా, అక్కడైతే వంతుకి మూడు గళ్ళే. అందరికన్నా వెనకబడిపోతావు" అన్నాడు త్రినాథ్.

"గుండ్రంగా తిరిగేదాంట్లో వెనకేముందిరా?"

"ఈ వంతులో ఏం చేస్తారత్తయ్యా? వెనక్కి తోసి కిందికి దిగుతారా?"

సుబ్బరావమ్మగారు కుర్చీకి వెనక్కి ఆనుకుని కాళ్ళు బారజాపారు.

"ఏమీ చెయ్యను. నా నడక నేను నడుస్తా."

మిరపకాయను మూడు గళ్ళు జరిపాను. ఒక్క గింజ కూడా ఖర్చు కాలేదు.