నచ్చిన సీను

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కళ్లజోళ్ల కొట్టాయన ఇంట్లో అందరూ కలిసి ముందుగదిలో చాప ఎత్తేసి, దాని చోట ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. తర్వాత కుట్టుమిషను మీద దుప్పటి కప్పుతారు. టీవీని గోడవైపు తిప్పుతారు. క్యాలెండరు తీసి వంటింట్లో పెడతారు, ఎందుకంటే ఒకసారి గాలివాన సీనులో వేసవి నెలలన్నీ కొట్టుకుపోయాయి. ఇవన్నీ అయ్యాక ఆట మొదలవుతుంది.

ఆట అంటే పెద్ద ఆటేం కాదు. ఒక్కొక్కరు తమకు నచ్చిన సినిమా సీను ఒకటి చెప్పాలి, అందులో ఎవరి నటన ఎందుకు బాగుందో వాదించాలి. బాగా చెబితే ఆ సీను గదిలోకి వస్తుంది. వానైతే వాన, ఇసుకైతే ఇసుక. మనుషులూ వస్తారు గానీ, వాళ్లు సినిమా మనుషులు, ఎవర్నీ పట్టించుకోరు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు. చెప్పడం ఆపగానే ఎక్కణ్ణుంచి వచ్చినవి అక్కడికి వెళ్లిపోతాయి. తడి మాత్రం ఉండిపోతుంది. పైకప్పు చెమ్మగిల్లుతోందని కింది వాటావాళ్లు గొడవపెట్టుకున్నాక ఈ పట్టా కొన్నారు. అప్పట్నుంచి అంతా సవ్యంగానే ఉంది.

సరిగ్గా చెప్పకపోతే సగమే వస్తుంది. ఓసారి కళ్లజోళ్లాయన గుర్రప్పందెం సీను మధ్యలోంచి అందుకుని, ముందేం జరిగిందో గుర్తురాక తడబడుతుంటే, గుర్రం వెనక సగం మాత్రం వచ్చి గోడ పక్కన నిలబడింది. అది చేసిన నిర్వాకం కడిగేసరికి సాయంత్రమైంది. కడిగింది పిన్ని.

పిన్ని అంటే కళ్లజోళ్లాయన భార్యకు చెల్లెలు. ఆ ఇంటి పిల్లలు పిన్ని అంటారు కాబట్టి మేడలో వాళ్లంతా, ఆవిడకన్నా పెద్దవాళ్లు కూడా, పిన్ని అనే అంటారు. ప్రింటింగు ప్రెస్సులో ఏళ్ల తరబడి మిషను పక్కన నిలబడి చెవులు మందగించాయి. పొద్దున ప్రెస్సు, సాయంత్రం వంట, ఆదివారం ఇస్త్రీ. ఆట జరుగుతున్నప్పుడు టీ పెట్టివ్వడం, అయ్యాక నేల తుడవడం ఆవిడ వంతు. నాకు సినిమాలు గుర్తుండవు అనేది, సరే అని వదిలేసేవాళ్లు. అసలు ఆవిడను మాట్లాడించాలని ఎవరికీ తోచలేదు. అంతసేపు గొంతు చించుకునే ఓపిక ఎవరికుంటుంది?

ఆ ఆదివారం పిన్ని కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎందుకో అక్కకు తెలుసు. ప్రెస్సు యజమాని దూరపు ఊళ్లో ఇంకో ప్రెస్సు తెరిచి, అక్కడికి ఎవరెళ్తారని అడిగితే, బైండింగులో పనిచేసే సీను చెయ్యెత్తాడు. ఆ మధ్యాహ్నం బండికే ప్రయాణం. సీనంటే చెల్లెలికి ఇష్టమని అక్క ఎప్పుడో కనిపెట్టింది. ఒకసారి అడిగితే, గిన్నెల చప్పుడులో వినబడలేదన్నట్టు తప్పించుకుంది. అతను ఎప్పటికైనా నోరు తెరుస్తాడని పిన్ని ఎదురుచూసింది. తెరవలేదు. నిన్న అందరితో అన్నట్టే ఆవిడతోనూ ‘వెళ్లొస్తానండీ’ అనేసి వెళ్లిపోయాడు. పిన్నికి చాలా కష్టంగా ఉంది. ఎవరితో అనుకోవాలో తెలియలేదు. బట్టలు మడతపెట్టింది, టీకి నీళ్లు పెట్టింది.

ముందుగదిలో మొదటి వంతు పక్కవాటా కండక్టరుది. ఉద్యోగం మానేసి చాలాకాలమైనా ఆయన ఇప్పటికీ మనుషుల్ని ముందుకి జరగమని అంటూనే ఉంటాడు. ఆయన సీనెప్పుడూ ఒకటే. ఎడారిలో ఇద్దరు శత్రువులు, మధ్యలో ఒక నీళ్లసీసా. నీళ్లు తాగినవాడి నటన గొప్పదా, వద్దన్నవాడిదా అన్నది ఆయన ఇంతవరకు తేల్చుకోలేదు. యథాప్రకారం ఇసుక వచ్చింది, అందరూ కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నారు.

తర్వాత మేడమీద ఉండే నర్సమ్మ చెప్పింది. ఆవిడ చెప్పింది చాలా చిన్న సీను. కొడుకు పోయాడన్న కబురు విని, ఒక ముసలాయన ఏమీ అనకుండా చొక్కా బొత్తాలు పెట్టుకుంటాడు. అంతే. ఆ ముసలాయన వచ్చి కిటికీ దగ్గర నిలబడి బొత్తాలు పెట్టుకుని వెళ్లాడు.

“ఒక్క కన్నీటిచుక్క కూడా రాలేదు. ఇదేం నటన?” అన్నాడు కళ్లజోళ్లాయన.

ఏడవడం ఎవరైనా ఏడుస్తారని, లోపలున్నది బయటపడనివ్వకపోవడమే కష్టమని నర్సమ్మ అంది. ఆవిడ రోజూ ఆస్పత్రి వరండాలో చూసేది అదే కాబట్టి కళ్లజోళ్లాయన ఎదురు చెప్పలేకపోయాడు. చెప్పలేకపోయినప్పుడు చేసే పనే చేశాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడే పిన్ని టీ పళ్లెంతో వచ్చింది. ఆవిడ మొహం చూసి నర్సమ్మకు జాలేసింది. రోజంతా అలా మొహం వేలాడేసుకుని తిరిగే బదులు అందరితో కూర్చుంటే బాగుంటుందనుకుంది.

“పిన్నీ, ఈరోజు తప్పించుకోకు. నీకు నచ్చిన సీనేదో చెప్పాల్సిందే” అంది.

ఆ మాట పిన్ని చెవిలో మరోలా పడింది. పొద్దుట్నుంచి బుర్రలో ఒక్క పేరే తిరుగుతుంటే ఇంకెలా పడుతుంది? నీకు నచ్చింది సీనేగా, చెప్పాల్సిందే, అన్నట్టు వినబడింది. అందరికీ తెలిసిపోయిందన్నమాట. అక్కే చెప్పి ఉంటుంది. అందరూ తనవైపే, టీ కోసం కాకుండా, తనకోసమే చూస్తున్నారు. పళ్లెం స్టూలు మీద పెట్టింది.

“అవును, సీనే. ఇప్పుడిక దాచుకుని ఏం లాభం” అంది.

పదమని కండక్టరు చెయ్యూపాడు. పిన్ని చెప్పింది. “అందరూ నా దగ్గరికొచ్చి అరుస్తారు. అతను అరవడు. ఎదురుగా వచ్చి నిలబడతాడు. నేను తలెత్తేదాకా ఆగి మామూలుగా మాట్లాడతాడు. పెదాలు చూస్తే నాకు అర్థమవుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనే కనిపెట్టాడు.”

కండక్టరుకు నచ్చింది. ఇది ఏ సినిమా అయి ఉంటుందా అని తంటాలు పడి, పాత నలుపు తెలుపు సినిమానే అనుకున్నాడు. పిన్ని ఆపలేదు. కత్తిరించే ముందు అతను కాగితాల దొంతరను ఎలా బల్లకు తట్టి అంచులు కలుపుతాడో చెప్పింది. జిగురంటిన వేళ్లను పాంటుకు తుడుచుకోవద్దని తను మందలిస్తే, చంటిపిల్లాడిలా చేతులు వెనక్కి దాచుకుంటాడని చెప్పింది. ముందు జిగురు వాసన వచ్చింది. తర్వాత సన్నటి కాగితం ముక్కలు గాలిలో తేలాయి. రైలు ఊపుకి ఊగినట్టు గది కాస్త ఊగింది. ప్లాస్టిక్ పట్టా మీద, ఒళ్లో సంచీతో, చేతిలో సగం తెరిచిన నీళ్లసీసాతో బైండింగు సీను ఉన్నాడు.

అతను రైల్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వచ్చాడు. ఇక్కడ కింద సీటు లేదు కాబట్టి పడబోయాడు. నర్సమ్మ టీ పళ్లెం తీసి స్టూలు తోసింది. సినిమా మనుషుల్లా కాకుండా అతను గదిలో అందరినీ ఒక్కొక్కరినీ చూశాడు. కండక్టరు మర్యాదగా కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు.

పిన్ని నోట మాట ఆగిపోయింది. ఆగిపోగానే సీను భుజాలు పలచబడి, వెనకున్న కిటికీ ఊచలు కనబడసాగాయి. రైలు చప్పుడు పెరిగింది.

“ఆపకమ్మా. ఆపితే వెళ్లిపోతాడు” అన్నాడు కండక్టరు, ఎదురుగా వంగి.

పిన్నికి అర్థమైంది. మాట్లాడాలి. ఇంట్లో ఉప్పు చాలిందా, పాలు పొంగాయా అన్నవి తప్ప పదిమందిలో ఏమీ మాట్లాడి ఎరగని మనిషి ఆవిడ, ఇప్పుడు నోరు మూస్తే అతను వెళ్లిపోయేట్టున్నాడు. ఏం చెప్పాలో తోచక నిష్ఠూరంతో మొదలుపెట్టింది. ఇంతకాలం పక్కపక్కన పనిచేశామని, ఒక్క మాట, ఉంటాననో పోతాననో, పోతే ఎందుకు పోతున్నాననో చెప్పాలనిపించలేదా అని, తనేం కొరుక్కుతింటుందా అని అడిగింది. సీను భుజాలు మళ్లీ గట్టిపడ్డాయి.

“అడిగించాను కదండీ” అన్నాడతను. “మీకిష్టం లేదన్నారుగా.”

“ఎవరన్నారు?”

సీను తన కళ్లజోడు సర్దుకున్నాడు. ఆ కళ్లజోడు ఈ ఇంటాయన కొట్లో కొన్నదే. కొనడానికి వెళ్లినప్పుడే, ఇంటికి పెద్దదిక్కు గనక, ముందు ఆయన్ని అడగడం పద్ధతని పెళ్లి మాట అడిగాడు. అదంతా సీను వివరంగా చెప్పాల్సిన పనిలేకపోయింది. గదిలో ఉన్నవాళ్లంతా కళ్లజోళ్లాయన వైపు తిరిగారు.

ఆయన కళ్లజోడు తుడవబోయాడు. చేతికి దొరకలేదు, మొహానే ఉంది.

“ఇన్నాళ్లూ ఈయన ఎక్కడా బయటపడలేదు చూశారా” అంది నర్సమ్మ కండక్టరుతో. “నటనంటే ఇదీ.”

కళ్లజోళ్లాయన చెడ్డవాడు కాదు. మరదల్ని ఏనాడూ పరాయిగా చూడలేదు, పండో బట్టో తెస్తే ఆవిడకూ తెచ్చాడు. కానీ పొద్దున లేస్తే ఆ ఇల్లు నడిచేది ఆవిడ చేతుల మీద. అది ఆయనకు తెలుసు కాబట్టే ఆవిణ్ణి అడక్కుండానే ఇష్టం లేదనేశాడు. పనిగట్టుకుని దాచలేదని, ఇతనికంత సీను లేదులే, మర్చిపోతాడులే అనుకున్నానని ఆయన నసిగాడు. అక్క ఒక్కతే అయిపోతుందని కూడా అన్నాడు.

“నా పేరు చెప్పకు” అంది అక్క. “నీ చొక్కాలెవరు ఇస్త్రీ చేస్తారన్నది నీ బాధ.”

ఆవిడ గొంతు పెంచలేదు.

ఈ మాటల మధ్యలో పిన్ని మౌనంగా ఉండిపోవడంతో సీను మోకాళ్లదాకా మాయమయ్యాడు. అక్క ఆవిడ భుజం పట్టి కుదిపింది. పిన్ని మళ్లీ చెప్పసాగింది. ఇప్పుడు నిష్ఠూరం లేదు. అతను రాని రోజు ప్రెస్సు ఎలా ఉంటుందో చెప్పింది. అచ్చుతప్పు దొరికితే పరుగెత్తుకుంటూ వచ్చి తనకే ముందు చూపించి నవ్వుతాడని చెప్పింది. తనని అడగలేదని బావని తిట్టుకుంటోంది గానీ, తనూ అతన్ని ఎప్పుడూ అడగలేదని చెప్పింది. తనకిష్టమేనని, అడిగితే అవుననేదాన్నని చెప్పింది. చెబుతున్నకొద్దీ సీను ఎంత నిండుగా అయ్యాడంటే, అతని బరువుకి స్టూలు కిర్రుమంది. నర్సమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఏడవడం ఎవరైనా ఏడుస్తారని ఆ క్షణంలో ఆవిడకు ఎవరూ గుర్తుచెయ్యలేదు.

అలా ఎంతసేపైనా చెప్పేదే. ఉన్నట్టుండి పిన్ని కండక్టరు వైపు తిరిగి, ఆ బండి తర్వాత ఎక్కడ ఆగుతుందని అడిగింది.

జంక్షన్లో ఆగుతుందన్నాడాయన. ఆ బండి చుట్టు తిరిగి వెళ్తుందని, మూలమలుపు దగ్గర సిటీబస్సెక్కితే దానికన్నా ముందే చేరొచ్చని, ముందు తలుపు దగ్గర నిలబడితే దిగడానికి సులువని కూడా చెప్పాడు.

పిన్ని సీను వైపు చూసి, “నా మాటలు అయిపోయాయి” అంది. అని నోరు మూసుకుంది.

అక్క అయ్యో అంది. సీను ఏదో అనబోయాడు. పెదాలు కదిలాయి, కంఠం అప్పటికే లేదు. సంచీ, నీళ్లసీసా, కాగితం ముక్కలు, జిగురు వాసన, వరసగా అన్నీ పోయాయి. స్టూలు ఖాళీ అయింది.

“అదేంటే, చేతిదాకా వచ్చినవాణ్ణి వదిలేశావు” అంది అక్క.

“కబుర్లు చెప్పి ఎన్నాళ్లు కూర్చోబెట్టనే అక్కా?” అంది పిన్ని. “రావాలనుంటే దిగుతాడు.”

చెప్పులేసుకుంది. కళ్లజోళ్లాయన గుమ్మం దాకా వెంటవచ్చి, జేబులు తడుముకుని, ఏం ఇవ్వాలో తెలియక గొడుగిచ్చాడు. బయట ఎండగా ఉంది. పిన్ని తీసుకుంది. ఆ రోజు నేల అక్కే తుడిచింది, ఆయన చాప పరిచాడు.

జంక్షన్లో ప్లాట్‌ఫాం మీదకి పిన్ని వచ్చేసరికి బండి వచ్చేసి ఉంది. కండక్టరు చెప్పినంత వేగంగా బస్సు వెళ్లలేదు. కూలీలు, పెట్టెలు, పిల్లల్ని లెక్కపెట్టుకునే తల్లులు. పిన్ని ఒక స్తంభం పక్కన నిలబడిపోయింది. బండి కదిలింది. కిటికీలు ఒక్కొక్కటే దాటిపోతుంటే వాటిలో ఎవరెవరో ఉన్నారు. ఇందాక ఇంకాసేపు మాట్లాడి ఉండాల్సిందేమో అనుకుంది. మనసంతా పాడైపోయింది.

చివరి పెట్టె దాటిపోయాక, పట్టాలకి అవతలి ప్లాట్‌ఫాం మీద సంచీ పట్టుకుని సీను ఉన్నాడు. కంగారులో తప్పు వైపు దిగేశాడు. వంతెన ఎక్కి, దిగి, ఆయాసపడుతూ వచ్చి ఆవిడ ముందు ఆగాడు.

“నేను చెప్పాల్సింది చెప్పేశాను” అంది పిన్ని. “ఇప్పుడు నువ్వు అడుగు. బావని కాదు, నన్ను.”

సీను ఊపిరి తీసుకుని అడిగాడు. సరిగ్గా అప్పుడే పక్కపట్టాల మీద గూడ్సుబండి కూత పెట్టుకుంటూ వచ్చింది. పెట్టె తర్వాత పెట్టె, స్టేషనంతా దద్దరిల్లింది. అతని భుజం పక్కనే నిలబడ్డ కూలీకి ఒక్క ముక్క వినబడలేదు. పిన్నికి మాత్రం అంతా అర్థమైంది, “సరే” అంది.